రాతినేల మీద రాత్రి బస

ఇంటి కప్పు వదిలి కొండల్లోనో, అడవి అంచునో, ఏటి గట్టునో వెంట తెచ్చుకున్న సామగ్రితో ఒకటి రెండు రాత్రులు గడపడాన్ని ఈ కాలంలో క్యాంపింగ్ అంటున్నారు. నగరాల్లో పెరిగిన యువతకు ఇది కొత్త వినోదంగా కనిపిస్తున్నా, కర్నూలు, కడప సీమలో గొర్రెల కాపరులకూ, పంటకు కావలి కాసే రైతులకూ, శ్రీశైలానికి నడిచి వెళ్లే భక్తులకూ ఇది తరతరాలుగా అలవాటైన పనే. అంగళ్లలో దొరికే గుడారాలు, పడక సంచులు, చిన్న పొయ్యిలు చాలావరకు చలిదేశాల అవసరాలను బట్టి తయారైనవి కావడంతో, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి రాయలసీమ నేల మీద పరిచినవారు మొదటి రాత్రే తిప్పలు పడతారు. ఈ నేల మీద ఆరుబయట క్షేమంగా, హాయిగా పడుకోవాలంటే ముందుగా చోటు చూసుకోవడం, నీళ్లు చూసుకోవడం, గాలివాన గుర్తులు పసిగట్టడం తెలియాలి. సామాను సంగతి ఆ తర్వాతిది. ఆ విద్య నేర్పగలవారు ఎక్కడో లేరు, ఈ సీమలోనే గొర్రెలు తోలుకుంటూ తిరుగుతున్నారు.

బేతంచెర్ల ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి తగిన ఊరు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో, డోన్ నుంచి నంద్యాలకు వెళ్లే రైలు మార్గం మీద, ఎర్రమల కొండల మధ్య ఉన్న ఈ పట్టణానికి పేరు తెచ్చినవి ఇక్కడి నాపబండలు. పొరలు పొరలుగా విడివడే సున్నపురాయిని గనుల నుంచి తీసి, కోసి, నునుపు పట్టి దూరప్రాంతాలకు పంపుతారు. ఊళ్లలో గోడలకూ గచ్చుకూ ప్రహరీకీ, చివరికి ఇంటి పైకప్పుకూ కూడా ఈ బండలే వాడతారు. ఇంటికి ఇంతగా పనికివచ్చిన ఈ రాయి గుడారానికి మాత్రం అంత అనుకూలం కాదు. జానెడు మట్టి కింద పలకరాయి తగిలే చోట గుడారపు గూటాలు, అంటే తాళ్లను బిగించడానికి నేలలోకి దిగగొట్టే మేకులు, రెండంగుళాలు కూడా దిగవు, బలవంతంగా కొడితే వంగిపోతాయి. అందుకే ఇక్కడికి కావలసింది గూటాల మీద ఆధారపడకుండా తన ఊచల బిగువుతో తానే నిలబడే గుమ్మటం ఆకారపు గుడారం. దాని తాళ్లను గూటాలకు బదులు మనిషి ఎత్తగలిగినంత పెద్ద రాళ్లకు చుట్టి కట్టాలి. రాయి అంచు తాడును కోయకుండా మధ్యలో గోనెపట్టా ముక్క పెట్టడం చిన్న పనే, కానీ అర్ధరాత్రి గాలి లేచినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రాతినేలకు మరో గుణం ఉంది. పగలంతా ఎండను పీల్చుకున్న బండ వేసవిలో పొద్దుగూకాక కూడా చాలాసేపు ఆ వేడిని విడుస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో బండ మీద పరుపు వేసినవారికి నడిరేయి దాకా కింది నుంచి సెగ తగులుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అదే బండ ఒంట్లోని వెచ్చదనాన్ని లాగేసుకుంటుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లబడుతూనే ఉండటానికి కారణం ఇదే. పడక పరుపులను అమ్మేవారు వాటి మీద ఆర్-విలువ అనే అంకెను ముద్రిస్తారు. ఒంటి వేడిని నేలలోకి పోకుండా ఆ పరుపు ఎంతగా అడ్డుకోగలదో తెలిపే కొలత అది. మంచు మీద పడుకునేవారికి 5 దాకా అవసరమయ్యే ఆ విలువ ఇక్కడి చలికాలానికి 2 ఉంటే సరిపోతుంది. వేసవిలో పరుపు కంటే నులకమంచం మేలు, ఎందుకంటే కింది నుంచీ పై నుంచీ గాలి ఆడుతుంది, తేలూ జెర్రీ సులువుగా ఎక్కలేవు. వాహనంలో వెళ్లేవారు మడతమంచం పట్టుకెళ్లడం సిగ్గుపడవలసిన సుఖమేమీ కాదు, ఈ నేలకు అది సరైన సామాను.

గుడారం కొనేటప్పుడు చూడవలసినవి రెండే రెండు. మొదటిది గుడ్డ నీటిని ఎంతవరకు ఆపుతుందన్నది. దీన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీరు పోస్తూ పోతే ఎంత ఎత్తు నీటి బరువు దాకా అది కారకుండా ఓర్చుకుంటుందో ఆ ఎత్తే ఈ అంకె, అది పైకప్పుకు కనీసం 1500, అడుగుభాగానికి అంతకు రెట్టింపు ఉండటం మంచిది. రెండవది లోపలి వలగుడ్డ, పైన వేరుగా కప్పే వానగుడ్డ అనే రెండు పొరలు ఉన్నాయా లేదా అన్నది. నిద్రపోయే మనిషి ఊపిరితో, చెమటతో రాత్రంతా విడిచే తేమ గ్లాసెడుకు తక్కువ ఉండదు. ఒకే పొర ఉన్న గుడారంలో ఆ తేమ కప్పుకు పట్టి చినుకులై మీద పడుతుంది, రెండు పొరలు ఉన్నదానిలో వలలోంచి బయటికి పోతుంది. కర్నూలు సీమలో సాలుకు కురిసే వాన 670 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండి, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది కాబట్టి, మిగిలిన నెలల్లో పై గుడ్డ తీసేసి వలతోనే పడుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నైలాను, పాలిస్టరు గుడ్డలను ఎండ తినేస్తుంది. పొద్దున్నే గుడారం విప్పి మడిచిపెట్టనివారు ఈ ఎండలకు కొద్ది కాలంలోనే దాన్ని పోగొట్టుకుంటారు.

గుడారాల్లో బతకడం ఈ ప్రాంతపు పరిపాలనా చరిత్రలోనూ ఉంది. నిజాం నుంచి 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు సంవత్సరంలో ఎక్కువ కాలం ఊరూరా డేరాలు వేసుకుంటూ, భూములు కొలిపిస్తూ, శిస్తులు నిర్ణయిస్తూ తిరిగాడు. తర్వాత మద్రాసు గవర్నరై, ఇంగ్లండుకు తిరిగి వెళ్లే ముందు తాను ఎరిగిన ఈ ప్రజలను ఒకసారి చూసిపోవాలని మళ్లీ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన బిడారంలో కలరా సోకింది. 1827 జూలై 6న పత్తికొండ మకాంలో ఆయన ఆ జబ్బుతోనే చనిపోయాడు. గవర్నరు స్థాయి మనిషికి డేరాలకూ నౌకర్లకూ వైద్యులకూ కొదవ ఉండదు, ఆయన ప్రాణం తీసింది కలుషితమైన నీళ్లతో వ్యాపించే జబ్బు. కలరాకు నీటితో ఉన్న సంబంధం అప్పటికి వైద్యులకే తెలియదు, అది రుజువు కావడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఆరుబయట బస చేసేవారికి పత్తికొండ నేర్పే పాఠం ఇంతకన్నా స్పష్టంగా ఉండబోదు. గుడారం ఎంత మంచిదైనా నీరు మంచిది కాకపోతే ప్రయోజనం లేదు.

కాబట్టి నీటి విషయం కొంత వివరంగా చూడాలి. ఎండాకాలంలో నడిచే మనిషికి తాగడానికే రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి, వంటకూ కడుక్కోవడానికీ వేరు. లీటరు నీరు కిలో బరువు గనుక ఇద్దరు మనుషులు రెండు రోజులకు సరిపడా నీటిని వీపున మోయడం చాలా కష్టం. నీరున్న చోటును బట్టి బస ఎక్కడో తేల్చుకోవాలి తప్ప బస చేసిన చోటికి నీరు రాదు. సున్నపురాయి నేల వాననీటిని పైన నిలవనీయదు, నెర్రెల గుండా లోపలికి లాక్కుని మరెక్కడో ఊటగా బయటికి వదులుతుంది. యాగంటి గుడి కోనేటిలో ఎండాకాలంలోనూ నీరు ఉండటం వెనుక ఉన్నది ఈ ఊటలే. కానీ కొండల్లో అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. వంక ఎండిపోయినప్పుడు పల్లెజనం ఇసుకలో చెలమ తవ్వుతారు. వంక మలుపు తిరిగే చోట, బయటి ఒడ్డు దగ్గర, పచ్చగడ్డి ఇంకా మిగిలి ఉన్న పట్టున మోచేతి లోతు గుంత తీసి, మొదట ఊరిన బురదనీటిని దొప్పతో రెండు మూడుసార్లు తోడిపోసి, ఆ తర్వాత తేటగా ఊరిన నీటిని మెల్లగా ముంచుకుంటారు. ఆ నీటిని కూడా నాలుగు మడతల బట్టలో వడగట్టి, తెర్లకాచి తాగడమే క్షేమం. బేతంచెర్ల చుట్టుపక్కల వదిలేసిన గని గుంటల్లో నిలిచిన నీరు ఆకుపచ్చగా, తేటగా కనిపించి ఆశపెడుతుంది. అది తాగడానికీ పనికిరాదు, దిగడానికీ పనికిరాదు. నిట్టనిలువుగా కోసిన ఆ గోడలకు కాలు పెట్టే ఆసరా ఉండదు, ఈత వచ్చినవారు కూడా పైకి రాలేరు.

గొర్రెల కాపరి నెలల తరబడి ఆరుబయట నిద్రపోయే మనిషి. కోతలైన పొలాల్లో మంద కట్టడం రాయలసీమ వ్యవసాయంలో పాత ఒప్పందం. రైతు తన చేనిలో రాత్రికి గొర్రెలను నిలుపుకుంటాడు, వాటి పెంటికలూ మూత్రమూ నేలకు ఎరువవుతాయి, బదులుగా కాపరికి ధాన్యమో డబ్బో ముట్టజెబుతాడు. చేను మొత్తానికి ఎరువు అందేందుకు మంద నిలిపే చోటును రోజూ కొంచెం కొంచెం జరుపుతారు గనుక కాపరి ప్రతి సాయంత్రమూ కొత్త పడక వెతుక్కోవాల్సిందే. అతడు చోటు చూసే పద్ధతిని గమనించినవారికి ఏ పుస్తకమూ అక్కరలేదు. వంక గర్భంలో ఎన్నడూ దిగడు, కొంచెం మిట్టగా ఉండి నీరు జారిపోయే ఎర్రనేలను ఎంచుకుంటాడు. నల్లరేగడిని వానాకాలంలో ముట్టడు, ఎందుకంటే ఒక్క జల్లుకే అది కాలికి బంకలా పట్టి మనిషినీ మందనూ కదలనీయదు. ఎండాకాలంలో ఆ నేలే బీటలు వారి, ఆ బీటల్లో ఎలుకలూ వాటి వెంట పాములూ చేరతాయి. రాళ్లకుప్పలకూ పుట్టలకూ దూరంగా, కర్రతో నేలను తట్టి, పల్లేరు ముళ్లు ఊడ్చి, అప్పుడు కంబళి పరుస్తాడు.

ఆ కంబళి ఒక్కటే అతని దగ్గర ఉన్న పరుపు, దుప్పటి, గొడుగు, గుడారం. ఆదోని వైపు, బళ్లారి వైపు పెరిగే నల్లబొచ్చు గొర్రెల నుంచి కత్తిరించిన ఉన్నిని వడికి, ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు కాబట్టి ఆ మందలున్న ఊళ్లలోనూ కంబళి పడమటి నుంచే రావాలి. చేత్తో తాకితే గరుకుగా, ముడతపడని పలకలా గట్టిగా ఉండే కొత్త కంబళి వాడకంలో మెత్తబడుతుంది. దాని ఒక మూలను లోపలికి మడిచి తలకు తగిలించుకుంటే నెత్తి నుంచి మోకాళ్ల దాకా కప్పు అవుతుంది, వాన దాని మీద పడి చాలావరకు జారిపోతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా తడిసినట్టు అనిపించదు, తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. ఇంకొక గుణం మరీ ముఖ్యమైనది: నిప్పురవ్వ పడితే నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది, ఉన్ని కమిలి ఆరిపోతుంది. మంట పక్కన పడుకునేవారికి ఇంతకు మించిన రక్షణ లేదు. బరువు ఎక్కువన్న మాట నిజమే; కానీ నడక తక్కువగా ఉన్నప్పుడు, చలిరాత్రులు 15 డిగ్రీల దాపుకు దిగే ఈ ప్రాంతంలో, వేల రూపాయలు పోసి కొనే ఈకల పడక సంచి కంటే కంబళి అన్ని విధాలా మెరుగు. మిల్లు దుప్పట్లు చవకగా దొరకడంతో కంబళి నేతకారుల పని ఏటికేడు తగ్గిపోతున్నది. కొత్తగా క్యాంపింగ్ నేర్చుకుంటున్న తెలుగు యువత మొదట కొనవలసిన వస్తువు ఇదేనన్నది బాగా ఆలోచించి చెప్పదగిన మాట.

వంట విషయంలోనూ ఈ ప్రాంతం ఎవరికీ తీసిపోదు. పలచగా కొట్టి, బాగా ఎండనిచ్చిన జొన్నరొట్టె రోజుల తరబడి చెడదు, దానికి తోడు బుడ్డల పొడో, ఎర్రకారమో, ఉల్లిగడ్డో ఉంటే పొయ్యి వెలిగించే అవసరమే లేదు. వేడిగా తినాలనుకునేవారికి ఉగ్గాని ఉంది. బొరుగులు బస్తాడు మోసినా బరువనిపించవు, ఉడికించే పని లేదు, నీళ్లలో ముంచి తీసి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో పసుపుతో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే చాలు. పది నిమిషాల మంటతో, నలుగురికి సరిపడే పలహారం తయారవుతుంది; బొరుగులు నానబెట్టిన నీళ్లు కూడా గిన్నె కడగడానికి పనికివస్తాయి. పర్వతారోహకుల కోసం విదేశాల్లో అమ్మే ఎండబెట్టిన భోజనాల పొట్లాలూ ఇదే సూత్రం మీద తయారవుతాయి, కాకపోతే వాటి ధరకు ఇక్కడ ఊరంతటికీ ఉగ్గాని పెట్టవచ్చు.

పొయ్యికి మూడు రాళ్లు వెతికేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. వంకలో తడిసి ఉన్న రాయిని, పొరలున్న నాపరాయిని మంట దగ్గర పెడితే లోపల చిక్కుకున్న నీరు ఆవిరై రాయిని పగలగొడుతుంది, ఆ పెళ్లలు ఎగిరి కళ్లలో పడవచ్చు. మిట్టన ఎండిన గట్టి రాళ్లే వాడాలి. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఎండుగడ్డి అంటుకునే కాలం కాబట్టి కొండల్లో అసలు మంట పెట్టకపోవడం ధర్మం. ఊరి దాపున, దున్నిన చేనిలో తప్ప ఎక్కడా పొయ్యి వెలిగించకూడదు. లేచి వెళ్లేటప్పుడు బూడిదలో నీళ్లు పోసి, చేత్తో తడిమి చూసి, చల్లబడిందని నిశ్చయించుకున్నాకే కదలాలి.

ప్రాణభయం కలిగించేవాటిలో మొదటిది చాలామంది అనుకున్నట్టు చిరుతపులి కాదు, కట్లపాము. రాత్రివేళ తిరిగే ఈ పాము నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, దాని కాటు దోమకాటంత కూడా నొప్పి పుట్టించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత కనురెప్పలు వాలిపోయి, మాట తడబడి, ఊపిరి ఆడకపోయేదాకా సంగతి తెలియని సందర్భాలున్నాయి. కంబళి మీదికి పాము రాదని పల్లెల్లో ఒక నమ్మకం ఉన్నది గానీ, ప్రాణాన్ని ఆ నమ్మకానికి అప్పగించకూడదు. అంచులను పరుపు కిందికి గట్టిగా దోపిన దోమతెర పామునూ తేలునూ దోమనూ ఒక్కసారే ఆపుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు. కాటు పడిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం మేలు చేయకపోగా కీడు చేస్తాయి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చేయవలసింది. బసకు వెళ్లే ముందే ఆ ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోవడం గుడారం కొనడం కన్నా ముఖ్యమైన ఏర్పాటు.

వంక గర్భంలో పడుకోకూడదని కాపరి పాటించే నియమానికి 2009 నాటి వరదలే సాక్ష్యం. ఆ ఏడాది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరంలోకి నీళ్లు వచ్చాయి. ఎండిన వంక ఒక్క రాత్రిలో ఏరు కావడం ఈ సీమలో కథ కాదు. బస చేసిన చోట చినుకు పడకపోయినా ఎగువన కొండల్లో పడిన వాన గంటలోపే దిగివస్తుంది. ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కిందికి వెళ్లకూడదు, గుడారపు ఊచలు పిడుగు నుంచి కాపాడవు, పక్కా ఇంట్లోనో మూసిన వాహనంలోనో తలదాచుకోవాలి.

గుడారమే వేయకుండా బస చేసే తీరులు కూడా ఇక్కడ తక్కువేమీ కావు. వేసవిలో మిద్దె మీద నీళ్లు చల్లి, పక్క వేసుకోవడం ప్రతి ఇంటికీ తెలిసినదే. జొన్న చేలల్లో పిట్టలనూ, చెనిక్కాయ చేలల్లో అడవిపందులనూ తోలడానికి నాలుగు గుంజల మీద కట్టే మంచె మరొకటి. గాలి ఆడుతుంది, పురుగూపుట్రా అందదు, చుట్టూ కనిపిస్తుంది. చెట్ల మధ్య తాళ్లతో కట్టే గాలిగుడారాలను విదేశీ సంస్థలు ఇప్పుడు గొప్పగా ప్రకటించుకుంటున్నాయి, అయితే బలమైన మాకులు అరుదైన ఈ తుమ్మ, రేగు నేలలో ఊయలపడకకు చోటు దొరకదు, మంచెకు దొరుకుతుంది. ఎర్రమల లోయలో ఉన్న మద్దిలేటి నరసింహస్వామి వంటి క్షేత్రాలకు ట్రాక్టరు ట్రాలీల్లో కుటుంబాలతో వచ్చి, చెట్ల కింద వండుకొని, ట్రాలీకి పట్ట కట్టి పడుకోవడం కూడా ఇలాంటిదే.

వీటన్నిటిలోకీ పెద్దది ఉగాదికి సాగే శ్రీశైల పాదయాత్ర. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చే మల్లన్న భక్తులు ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. ఒక దుప్పటి, ఒక సంచి, ఒక నీళ్ల సీసా తప్ప వారి వెంట మరేమీ ఉండదు, దారిలో దాతలు పెట్టే అన్నదానాలూ నీటి కేంద్రాలూ వారిని నడిపిస్తాయి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, ఈ దారినే శ్రీశైలం చూసి, ఏ ఊళ్లో ఏ వస్తువు దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి వసతి ఉందో తన కాశీయాత్ర చరిత్రలో రాసుకుంటూ పోయాడు. తెలుగులో ప్రయాణపు ఏర్పాట్ల గురించి అంత శ్రద్ధగా రాసిన గ్రంథాలు తక్కువ.

ఆధునిక పద్ధతిలో గుడారాల బసకు ఇప్పుడు పేరున్న చోటు గండికోట. ఎర్రమలను కోసుకొని పెన్నా పారే ఆ లోయ అంచున సూర్యోదయం చూడాలని వచ్చేవారు వారాంతాల్లో ఎక్కువయ్యారు. అక్కడి ప్రమాదం గాలి, చీకటి. లోయలోంచి ఎగదన్నే గాలికి కట్టని గుడారం దొర్లిపోతుంది, రాత్రి లేచిన మనిషికి అంచు ఎక్కడో కనిపించదు. అంచు నుంచి కనీసం వంద అడుగులు వెనక్కి జరిగి బస చేయడంలో ఏ అందమూ తగ్గదు. అడవిలో ఉండాలనుకునేవారికి అటవీశాఖ నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల దగ్గర విడిదులు నడుపుతున్నది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎలుగుబంటి తిరిగే అడవిలో అది తెలివితక్కువ పని కూడా.

ఇక మిగిలినవి గవులు, అంటే గుహలు. బేతంచెర్లకు దగ్గరలో, కొట్టాల ఊరి వద్ద ఉన్న బిల్లసర్గం గవుల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో రాశాడు; 1883 నుంచి 1885 వరకు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వి, ఇప్పుడు ఈ నేలలో లేని ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలను బయటికి తీశారు. ఆ ఖడ్గమృగానికి శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ కర్నూలు పేరే పెట్టాడు. దగ్గరలోని ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి జరిపిన తవ్వకాల్లో రాతియుగపు మనుషులు వెలిగించిన పొయ్యి జాడ బయటపడింది. కాలిన మట్టిలోని ఖనిజపు రేణువులు చివరిసారి వేడెక్కిన నాటి నుంచి లోపల శక్తిని కూడబెట్టుకుంటూ వస్తాయి, మళ్లీ వేడి చేస్తే దాన్ని వెలుగుగా వదులుతాయి; ఆ వెలుగును కొలిచి కాలాన్ని లెక్కగట్టే పద్ధతిలో ఆ పొయ్యి వయసు 17,000 ఏళ్లకు పైన తేలింది. బనగానపల్లె వైపు జ్వాలాపురంలో ఒక రాతిచూరు కింద 35,000 ఏళ్ల నాటి నుంచి మనుషులు మళ్లీ మళ్లీ వచ్చి బస చేసిన ఆనవాళ్లు దొరికాయి. వేటాడుతూ తిరిగే గుంపులు ఎండకూ వానకూ అడ్డు ఉండి, నీరు దగ్గరగా ఉన్న చోటును ఎంచుకున్నాయి. వారు గవి లోతుల్లో కాక వెలుగు, గాలి వచ్చే ముంగిట్లోనే ఎక్కువగా మెసలడంలోనూ అర్థం ఉంది: లోపల మంట పెడితే పొగ నిలిచి ఊపిరాడదు, గబ్బిలాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది, వానాకాలంలో లోపలి సొరంగాల గుండానే నీరు పారుతుంది. 3,229 మీటర్ల పొడవు కొలిచిన బెలుం గుహల్లో తిరిగినవారికి, లోపలి ఉక్కలో గంటసేపు నిలవడమే ఎంత కష్టమో తెలుసు.

ఈ గవుల్లో ఇప్పుడు రాత్రి బస చేయాలనుకునేవారికి ఒక విన్నపం. ఇక్కడి నేల ఇంకా పూర్తిగా తవ్వని చరిత్ర. ఒక్క పొయ్యి వెలిగిస్తే కొత్త బూడిద పాత పొరలో కలిసిపోతుంది, గుడారం కోసం చదును చేస్తే వేల ఏళ్ల వరుస చెదిరిపోతుంది, మళ్లీ దాన్ని ఎవరూ పేర్చలేరు. పగలు వెళ్లి చూడండి, నేలను తవ్వకండి, రాయినీ ఎముకనూ జేబులో వేసుకోకండి, పడక మాత్రం కిందికి దిగి, ఊరి పెద్దలను అడిగి, ఏ కోసిన చేనిలోనో వేసుకోండి.